వలపట పెట్టె, దాపట పెట్టె

మిల్లు గేటు పక్కన ఆ చెక్కపెట్టె నెల రోజులు అలాగే నిలబడి ఉంది. మా యంత్రం అందులోనే వచ్చింది. యంత్రాన్ని దించిన రోజే పెట్టె విప్పేసి పలకలు ఎవరికైనా ఇచ్చేయమని నేను అన్నాను. మిల్లు యజమాని ఒప్పుకోలేదు. "ఉండనీ అమ్మా. నెల రోజులు నడిపి చూస్తాను. కుదరకపోతే మళ్ళీ ఇందులోనే పెట్టి పంపాలి కదా," అని నవ్వుతూ తమిళంలో అన్నాడు. ఆ నవ్వులో తప్పేమీ లేదని మా వర్క్‌షాపు యజమాని ఇప్పటికీ అంటాడు. ఉందని నేను ఇప్పటికీ అంటాను.

అది విరుదునగర్‌లో ఒక కందిపప్పు మిల్లు. మాది అదే ఊళ్ళో, బస్‌స్టాండు వెనక చిన్న వర్క్‌షాపు. మా వర్క్‌షాపు యజమానిని నేను అన్నా అని పిలుస్తాను. ఆయన, యంత్రాలు బిగించే ఇద్దరు, నేను, అంతే మనుషులం. నేను రోజూ కోవిల్‌పట్టి నుంచి బస్సులో వచ్చి పోతాను. పప్పు ఏరే యంత్రం మేము మొట్టమొదట చేసింది ఇదే. నెల తరువాత అది మిల్లులో నిలబడితే ఇంకొన్ని చేస్తాం. పెట్టెలో తిరిగి వస్తే ఇక్కడ కంప్యూటర్ పని మూసేసి నన్ను హైదరాబాదు పంపిస్తారని ముందే చెప్పారు. హైదరాబాదు ఎందుకు వెళ్ళనంటానో తరువాత చెబుతాను.

యంత్రం చేసే పని చెప్పడానికి సులువు. పప్పు పైనుంచి పలచగా జారుతుంది. కెమెరాలు ఒక్కో బద్దనూ చూస్తాయి. నల్లదో, పొట్టు ఊడనిదో, రాయో కనిపిస్తే కింద సన్నటి గొట్టంలోంచి గాలి ఫట్‌మని కొట్టి దాన్ని పక్కకు తోసేస్తుంది. చూసే పని ఒక కంప్యూటర్‌ది, కొట్టే పని ఇంకో కంప్యూటర్‌ది. బద్ద కెమెరా ముందు నుంచి గొట్టం ముందుకు పడే లోపల, అంటే కన్ను మూసి తెరిచే లోపల, మొదటిది రెండోదానికి కబురు చెప్పాలి. మామూలు నెట్‌వర్క్ తీగ మీద పంపితే కబురు ఒక్కోసారి ఆలస్యంగా చేరుతుంది. అప్పటికి రాయి వెళ్ళి పప్పులో కలిసిపోతుంది. అందుకని రెండు కంప్యూటర్లనూ కలుపుతూ మధ్యలో వంతెన లాంటి కార్డు పెట్టాం. ఆ కార్డుతో ఎలా మెలగాలో ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలియదు. తెలియజెప్పే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. ఆ డ్రైవర్ రాసింది నేను.

కంప్యూటర్ అనేది పెత్తనం చేసే వస్తువు. తనకు తగిలించిన ప్రతి కార్డూ తన సొత్తే అనుకుంటుంది. అలాంటి రెండింటిని నేరుగా కలిపితే ఇల్లు ఎవరిదో తేలక రెండూ ఆగిపోతాయి. వంతెన కార్డు ఆ రెంటినీ కలపనూ కలపదు, విడదీయనూ విడదీయదు. మధ్యలో గోడ ఉంచి, గోడకు ఒక కిటికీ పెడుతుంది. ఆ కిటికీలోంచి ఒకటి పెట్టింది ఇంకొకటి తీసుకోవచ్చు. పిలవడానికి ఒక గంట ఉంటుంది. నాలుగు గుర్తులు రాసుకునేంత చిన్న పలక ఒకటి ఉంటుంది, ఇద్దరూ చూడవచ్చు, ఇద్దరూ రాయవచ్చు.

ఇదంతా మొదటిసారి చదివినప్పుడు నాకేమీ కొత్తగా అనిపించలేదు. కళుగుమలై దగ్గర మా అవ్వ ఇంట్లో ఇది గోడలోనే ఉండేది.

మా అవ్వకూ ఆమె ఏరాలికీ, అంటే మా తాత తమ్ముడి భార్యకూ, మాటలు లేవు. ఎందుకు లేవో ఇద్దరూ చెప్పేవాళ్ళు, ఇద్దరూ వేరువేరుగా చెప్పేవాళ్ళు. రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఆ గోడలో ఇటూ అటూ తెరుచుకునే గూడు. చింతపండు కావాలంటే అవ్వ గూట్లో ఖాళీ గిన్నె పెట్టి గరిటెతో గోడమీద రెండుసార్లు కొట్టేది. కాసేపటికి అవతల నుంచి గిన్నె నిండి వచ్చేది. ఒక్క మాట ఉండదు. పొలంలో బావి కూడా ఉమ్మడిదే. మోటారు ఒకరోజు వాళ్ళది, ఒకరోజు మాది. నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఆ గూట్లోనే బొగ్గుతో ఒక గీత గీసేవాళ్ళు. వాళ్ళ గీతలు ఒక పక్క, మావి ఇంకో పక్క.

నాకు ఏడేళ్ళప్పుడు ఒక శుక్రవారం, అవ్వ మెచ్చుకుంటుందని, తడిగుడ్డ తీసుకుని ఆ గూడు మొత్తం తళతళలాడేట్టు తుడిచాను. మర్నాడు ఇద్దరూ మోటారు దగ్గరకు వెళ్ళారు. ఈరోజు మాదంటే మాదన్నారు. రుజువు లేదు. అవ్వ ఇంటికొచ్చి, ఆ ఇంటివాళ్ళందరూ చూస్తుండగా నా చెంప పగలగొట్టింది.

"అవతలోళ్ళ గీత తుడిసేదానికి నువ్వెవరే?"

ఇల్లు శుభ్రం చేసినందుకు దెబ్బ తిన్న మనిషిని నేను. ఈ మాట ఏ పెళ్ళిలోనైనా, ఏ చావులోనైనా ఎత్తుతాను. మా వాళ్ళకు నేను నోరు తెరవగానే తెలిసిపోతుంది. లేచి కాఫీకి వెళ్ళిపోతారు.

ఇప్పుడు హైదరాబాదు సంగతి. మాకు కార్డులూ, వాటితో నడిచే సిస్టమూ, నాకు జీతమూ ఇచ్చేది అక్కడి కంపెనీ. అక్కడ ఒక సార్ ఉన్నాడు. నేను రాసిన ప్రతి వరుసా ఆయన చదివి సరే అంటేనే అది యంత్రంలోకి వెళ్ళాలి. శిక్షణకని మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక గది నిండా మనుషుల మధ్య నన్ను లేపి, మా రెండు కంప్యూటర్లు ఎలా మొదలవుతాయో చెప్పమన్నాడు. ఇంగ్లీషులోనే మొదలుపెట్టాను. ఆయన తెలుగులో అడిగాడు కదా అని తెలుగులోకి వచ్చాను.

"సార్, దాపట కంప్యూటర్ ముందు లేస్తాది. అది లేసినాక వలపటది లేస్తాది."

మా ఇంట్లో కుడిఎడమలను అలాగే అంటాం. కాడికి కుడివైపు కట్టే ఎద్దు వలపటిది, ఎడమవైపుది దాపటిది. ఎద్దులు పోయి చాలా కాలమైంది. మాటలు పోలేదు. మా అమ్మ బస్సులో సీటు చూపించినా వలపట కూర్చో అంటుంది.

సార్ కళ్ళజోడు తీసి, "ఏమ్మా, ఇది ఏ భాష? మా ముత్తాత కూడా ఇలా మాట్లాడి ఉండడు," అన్నాడు. గదిలో పదకొండు మంది ఉన్నారు. పదకొండు మందీ నవ్వారు. ఒకాయన టీ ఒలకబోసుకున్నాడు కూడా.

నేను బడిలో తమిళం చదివినదాన్ని. తెలుగు మాకు ఇంట్లో మాట్లాడుకునేదే, చదివేది కాదు. ఆ సాయంత్రం రైలెక్కే ముందు స్టేషన్‌లో పిల్లల అక్షరాల పుస్తకం కొన్నాను. ఈ నాలుగు ముక్కలు ఇలా రాయగలుగుతున్నానంటే ఆ నవ్వే కారణం. అందుకు ఆయనకు కృతజ్ఞత చెప్పే ఉద్దేశం నాకు లేదు. ఆయన ఉన్న ఊరికి బదిలీ అవడం కంటే కోవిల్‌పట్టిలో వేరుశనగల కడలమిఠాయి పొట్లాలు కట్టుకోవడం మేలని అప్పుడే అనుకున్నాను.

ఆ తరువాత నా కోడ్‌లో ఎడమ కంప్యూటర్‌కు ప్రైమరీ అనీ, కుడిదానికి సెకండరీ అనీ పేర్లు పెట్టమని ఆయన రాశాడు. అలాగే పెట్టాను. అది కూడా గుర్తుంచుకున్నాను.

మిల్లులో యంత్రం నడిపే ఆమె సాత్తూరు పక్క పల్లె మనిషి. మా తెలుగే. అదే మిల్లులో ఇరవై ఏళ్ళు చేటతో పప్పు ఏరింది. నల్ల బద్దను కెమెరా కంటే ముందు చూడగలదు. యజమాని ఆమెనే యంత్రం దగ్గర పెట్టడం మంచి పనే, ఒప్పుకుంటాను. నేను అక్కా అంటాను, ఆమె నన్ను పాపా అంటుంది. నాకు నలభై దాటాయి.

మొదటి వారం నుంచే వరస మొదలైంది. పొద్దున ఎనిమిదింటికి, నేను ఇంకా కోవిల్‌పట్టిలో తల దువ్వుకుంటూ ఉండగానే ఫోను.

"పాపా, నీ యంత్రం పండుకోనుండాది."

"ఏమంటాదక్కా?"

"ఏమీ అనదు. రెండు పెట్టెల్లోనూ దీపాలు ఎలుగుతుండాయి. పప్పు మాత్రం రాదు. మొగుడూ పెండ్లాం అలిగి కూసున్నట్ల కూసోనుండాయి."

బస్సెక్కి, గంటన్నర తరువాత మిల్లుకు చేరి, రెండు కంప్యూటర్లనూ ఆపి మళ్ళీ వేసేదాన్ని. ఠక్కున పనిచేసేది. సాయంత్రం దాకా ఒక్క తప్పు ఉండేది కాదు. మర్నాడు పొద్దున మళ్ళీ ఫోను.

"నువ్వొస్తే లేస్తాది, నువ్వు పోతే పండుకుంటాది," అంది అక్క ఒకరోజు. "నీ మొగం జూసి బయపడతాదో ఏమో."

"ఆమె ఫోటో ఒకటి తీసి పెట్టె మీద అంటించక్కా," అన్నాడు బస్తాలు మోసే వాడొకడు. "రోజూ లేస్తాది."

అందరూ నవ్వారు. వాడెవరో, ఆరోజు ఏ రంగు తువ్వాలు కట్టుకున్నాడో చెప్పమన్నా చెప్పగలను.

యజమాని మాత్రం ఏమీ అనేవాడు కాదు. గేటు దగ్గర ఆగి, చెక్కపెట్టె మీద దుమ్ము తువ్వాలుతో దులిపి లోపలికి వచ్చేవాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

రెండు కంప్యూటర్లూ తమ తమ జ్ఞాపకాలు రాసుకుంటాయి. అవి తీసి చూశాను. కుడిది, 'నా కిటికీ ఎక్కడుందో పలక మీద రాశాను, అవతలివాళ్ళ కోసం చూస్తున్నాను' అంది. ఎడమది, 'పలక ఖాళీగా ఉంది, అవతల ఎవరూ లేరు, చూస్తున్నాను' అంది. ఒకరు రాశానంటారు, ఒకరు లేదంటారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పరు. అంటే మధ్యలో కార్డు తప్పు, లేదా హైదరాబాదు నుంచి వచ్చిన కొత్త సిస్టమ్ తప్పు. నేను అలాగే తేల్చాను. తేల్చడానికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు, ఎందుకంటే అలా తేలాలని ముందే కోరుకున్నాను.

సార్‌కు ఉత్తరం రాశాను. తరువాత ఇంకొకటి. మొత్తం ఏడు. ప్రతిదానికీ ఆయన ఒకే వరుస జవాబిచ్చాడు. మీ వైపు మొదలయ్యే క్రమం చూడండి. ఏడోసారి కూడా అదే రావడంతో నేను ఒక వీడియో తీసి పంపాను. మా వర్క్‌షాపులో అలాంటివే రెండు కంప్యూటర్లు పెట్టి, వరుసగా ఇరవైసార్లు ఆపి వేసి చూపించాను. ఇరవైసార్లూ కలుసుకున్నాయి. ఆ వీడియోలో నా చెయ్యి ప్రతిసారీ ముందు ఏ స్విచ్ మీదకు వెళ్తుందో ఎవరైనా చూడవచ్చు. ఎడమది నా కుర్చీకి దగ్గర. నేను మాత్రం చూడలేదు.

ఇంకా ఐదు రోజులే ఉన్నాయనగా అన్న నన్ను కూర్చోబెట్టాడు.

"ఏమ్మా, యంత్రం వాపసు వచ్చేటట్లే ఉండాది. హైదరాబాదు పోతావా?"

"పోను."

"పోకుంటే?"

"వాళ్ళ తప్పుకి నేనేల పోవాలన్నా?"

"తప్పు ఎవరిదైతే ఏమి, పెట్టెలో వచ్చేది మన యంత్రమే గద," అన్నాడు. అన్నకు కోపం రాదు. అందుకే ఆయనతో పోట్లాడటం కష్టం.

ఇంటికి వచ్చి అంతా మా అమ్మకు చెప్పాను. మా అమ్మ కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల కంపెనీలో ముప్పై ఏళ్ళు పుల్లలు చట్రాల్లో పేర్చింది. ఇప్పటికీ చింతపండు గింజలు తీసేటప్పుడు కూడా వరస కట్టి పెడుతుంది. నేను సార్‌ను తిట్టినంతసేపూ తల ఊపుతూ విన్నది. చివరికి అడిగింది.

"పొద్దున ఆ యక్క యంత్రం ఏసేటప్పుడు నువ్వు సూస్తివా?"

"నేను పొయ్యేసరికి పది అవుతాది గదమ్మా."

"మా సూపర్‌వైజరు గూడా ఇట్లనే. పదికి వొచ్చి, ఆరుకి జరిగిందానికి మమ్మల్ని తిట్టే."

ఇది సొంత తల్లి అన్న మాట. రాసి పెట్టుకోవలసిన అవసరం లేదు, మరిచిపోను. కానీ మర్నాడు మొదటి బస్సుకే బయలుదేరాను.

మిల్లు తలుపులు అప్పుడే తీస్తున్నారు. అక్క నన్ను చూసి, "ఏమి పాపా, మీ ఇంట్లో కోడి కూసిందా?" అంది. నేను వెళ్ళి బస్తాల పక్కన నిలబడ్డాను. ఆమె కాళ్ళూ చేతులూ కడుక్కుంది. రెండు కంప్యూటర్ల ఇనుప పెట్టెలకూ పసుపు, కుంకుమ పెట్టింది. కుడి పెట్టె ముందు నిలబడి దాని స్విచ్ వేసింది. పళ్ళెంలో సూడం వెలిగించింది. ఆ కర్పూరపు మంటను పెట్టెకు చూపి, కెమెరాలకు చూపి, పప్పు జారే తొట్టికి చూపి, కళ్ళకద్దుకుని, మంట ఆరేదాకా నిలబడింది. ఆ తరువాత ఎడమ పెట్టె స్విచ్ మీద చెయ్యి పెట్టింది.

"నిలక్కా, నిలు!" అని అరిచాను. "ఏల దాన్ని ముందు ఏస్తివి?"

"దేన్ని?"

"వలపటదాన్ని."

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "వలపటిది గాక? యాడన్నా దాపటెద్దుకి ముందు కాడి ఏస్తారా పాపా?"

"పెట్టెల మీద ఒకటి, రెండు అని కాగితం రాసి అంటిస్తిని గద!"

"అంటిస్తివి. సూస్తిని. ఎద్దులకి గూడా మీ ఊర్లో కాగితం అంటించే కాడి కడతారా?"

బస్తాల వాళ్ళు ఎప్పటిలాగే నవ్వారు. అక్క నవ్వలేదు. కొంచెం గొంతు తగ్గించి అంది. "నువ్వు ఏసేది నేను సూస్తానే ఉండా. వొచ్చినదానివి వొచ్చినట్లే ఎడం చేత్తో దాపటిది టక్కున ఏస్తావు. సూడం లేదు, దండం లేదు. మంచి పని అట్ల మొదులు పెడతారా? సదువుకున్న పిల్ల, నొచ్చుకుంటాదని అనకుండా ఉంటిని."

మూడు వారాలుగా ఆమెకు తేడా తెలుసు. మర్యాద కోసం చెప్పలేదు. మా వైపు వాళ్ళు చేసే తప్పు ఇది. ఊరివాళ్ళ తప్పయితే మొహానే చెబుతారు, చదువుకున్నవాళ్ళ తప్పు మాత్రం కడుపులో దాచుకుంటారు.

గేటు దగ్గరకు వెళ్ళి ఆ చెక్కపెట్టె మీదే కూర్చుని అన్నకు ఫోను చేశాను. "దొరికె గద! ఎడమది ముందు ఏయమని ఆమెకి చెప్పు. అయిపోయె," అన్నాడు. నాకూ అదే సులువుగా తోచింది. తిరిగి వెళ్ళి అక్కకు చెప్పాను.

"మొదలాళి సెప్తే ఏస్తాను, నాకేమి," అంది. యజమానిని అక్కడ అందరూ మొదలాళి అనే అంటారు. "అయితే ఒకటి అడుగుతా. నిన్న మద్యానం కరెంటు పొయ్యి వొచ్చె. రెండూ వాటంతట అవే లేసె. అప్పుడు ఏది ముందు లేయాల్నో వాటికి ఎవరు సెప్పేది? కరెంటుకి గూడా కాగితం అంటిస్తావా?"

కరెంటు పోయి వచ్చినప్పుడు ఒక్కోసారి కలుసుకునేవి, ఒక్కోసారి లేదు. దాన్ని కూడా నేను సార్ మీదే వేశాను.

అక్కడే బస్తాల మధ్య కూర్చుని నా డ్రైవర్ తెరిచాను. ఎడమ కంప్యూటర్ లేవగానే మొట్టమొదట చేసే పని ఒకటుంది. పలక మొత్తం తుడిచేస్తుంది. పాత గుర్తులేమైనా ఉంటే గందరగోళం కాకూడదని నేనే రాశాను. పక్కన ఇంగ్లీషులో 'ముందు శుభ్రం చేయాలి' అని వ్యాఖ్య కూడా రాసుకున్నాను. ఎడమది ముందు లేస్తే నష్టం లేదు, పలక మీద ఇంకా ఏమీ ఉండదు. కుడిది ముందు లేస్తే అది తన కిటికీ గుర్తు రాసి పెట్టి ఎదురుచూస్తూ ఉంటుంది. అక్క కర్పూరం ఆరాక ఎడమది లేచి, తడిగుడ్డ తీసుకుని, తళతళలాడేట్టు తుడుస్తుంది. రాశానన్నది నిజమే. లేదన్నదీ నిజమే.

అవతలోళ్ళ గీత తుడిసేదానికి నువ్వెవరే?

మా అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. చెంప మీద ఆ వేడి మళ్ళీ తగిలింది. ఆ దెబ్బ న్యాయమని నేను ఇప్పుడు కూడా అనను. ఏడేళ్ళ పిల్లకు ముందు నోటితో చెప్పవచ్చు. కానీ ఆమె అడిగిన ప్రశ్న సరైనది, అది మాత్రం ఒప్పుకోక తప్పలేదు.

రెండు రోజులు పట్టింది. గూట్లో ఉన్నట్టే పలకను రెండు పక్కలుగా చీల్చాను. ఎవరి పక్కన వాళ్ళే రాయాలి, ఎవరిది వాళ్ళే తుడుచుకోవాలి. అవతలి పక్క చూడవచ్చు, ముట్టుకోకూడదు. ముందు లేచినవాళ్ళు తమ గుర్తు రాసి, అవతలివాళ్ళు 'చూశాను' అని తమ పక్కన రాసేదాకా ఆగాలి. ఇద్దరివీ కనపడ్డాకే గంట, గంట తరువాతే కిటికీ. మధ్యలో అవతలి గుర్తు పోతే కిటికీ మూసి మళ్ళీ మొదటి నుంచి. ముందెవరు, వెనకెవరు అన్న ప్రశ్నే ఉండదు. ముందూ వెనకా లేనప్పుడు ప్రైమరీ, సెకండరీ అన్న పేర్లు ఎందుకు? వాటిని తీసేసి ఇంగ్లీషు అక్షరాల్లో వలపట, దాపట అని పెట్టాను. కావాలనే పెట్టాను.

దానితోపాటు సార్‌కు ఎనిమిదో ఉత్తరం రాశాను. తప్పు నా వైపే ఉందని మొదటి వాక్యంలో రాశాను. అది రాయడానికి ఒక గంట పట్టింది. పేర్లు ఎందుకు మార్చానో తరువాతి నాలుగు పేరాల్లో రాశాను. చివరి పేరాలో ఆ గది, ఆ పదకొండు మంది, ఆ ఒలికిన టీ.

మర్నాడు ఆయనే ఫోను చేశాడు. ఎప్పుడూ చేయని మనిషి.

"ఇంత పెద్ద లెటర్ ఎందుకమ్మా? కోడ్ బాగుంది. ఒక్కచోట చూసుకోండి. అవతలి కంప్యూటర్ హఠాత్తుగా ఆగిపోతే మీ కిటికీ ఒక క్షణం తెరిచే ఉంటోంది. ఆ క్షణంలో ఇవతలి నుంచి రాస్తే ఇదీ బిగుసుకుపోతుంది."

చూశాను. నిజమే. "సరి చేస్తాను సార్," అన్నాను.

"పేర్ల సంగతి..." అని ఆగాడు. నేను నాలుగు జవాబులు సిద్ధం చేసుకుని ఉన్నాను. "రాత్రి మా నాన్నను అడిగాను. మా తాత ఎద్దులకు అలాగే అనేవాడట. దాపటెద్దు అని. నాకు తెలియదు. ఉండనివ్వండి, పేర్లు బాగున్నాయి."

"ముత్తాత కూడా అలా మాట్లాడి ఉండడని అన్నారు సార్."

"అన్నానా?" అన్నాడు. తరువాత, "అని ఉంటాను," అన్నాడు. సారీ మాత్రం చెప్పలేదు. నేను అడగలేదు. ఆ రోజుకు అంతవరకు చాలనిపించింది.

కొత్త డ్రైవర్ మిల్లుకు తీసుకెళ్ళిన రోజు, గడువు ఇంకా ఒక రోజే ఉంది. పసుపు, కుంకుమ, వలపట పెట్టె, సూడం. మంట ఆరింది. అక్క దాపట పెట్టె స్విచ్ వేసి నా వైపు తిరిగింది. నేను పప్పు తొట్టి వైపు చూస్తున్నాను. ఎడమది లేవడానికి నిమిషం పడుతుంది. ఆ నిమిషం చాలా పొడుగు. తరువాత గాలి గొట్టాలు ఫట్, ఫట్‌మన్నాయి, పప్పు జారడం మొదలైంది.

"లేసె!" అంది అక్క. "నీ మొగం సూడకనే లేసె. నువ్వు ఆ పక్కకి తిరిగి ఉండావు గద."

ఎడమది ముందు వేసి చూశాం. రెండూ ఒకేసారి వేసి చూశాం. యజమాని వచ్చాడు. పప్పు జారుతూ ఉండగానే చెయ్యి చాపి దాపట పెట్టె స్విచ్ ఆపేశాడు. పప్పు ఆగింది. వలపటది బిగుసుకోలేదు, తన గుర్తు రాసుకుని ఎదురుచూసింది. ఆయన మళ్ళీ వేశాడు. నిమిషం తరువాత పప్పు మళ్ళీ జారింది. ఆయన ఒక గుప్పెడు తీసుకుని అరచేతిలో పరిచి, వెలుతురులో తిప్పి చూసి, తొట్టిలో పోసి టీకి వెళ్ళిపోయాడు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. గేటు దాటేటప్పుడు పెట్టె మీద దుమ్ము కూడా దులపలేదు. అది మంచిదో చెడ్డదో తెలియక ఆ సాయంత్రమంతా బస్సులో అదే ఆలోచించాను.

మర్నాడు పొద్దున ఎనిమిదయింది. ఫోను రాలేదు. ఎనిమిదిన్నర అయింది. మా అమ్మ ఇడ్లీ పళ్ళెం ముందు పెట్టి, "ఏమి, ఆ ఫోన్ని సూపుతోనే పగలగొట్టేటట్లుండావు?" అంది. తొమ్మిదయ్యేసరికి ఆగలేక నేనే చేశాను. అక్క ఎత్తింది. వెనకాల యంత్రం హోరు. దాని మీద ఠంగ్, ఠంగ్‌మని ఇంకో శబ్దం.

"ఏమక్కా ఆ సద్దు? యంత్రంలోనా?"

"యంత్రం కాదు పాపా, సుత్తి. మొదలాళి పెట్టె విప్పమనె. ఇద్దరు కూసోని మేకులు పీకుతుండారు. నాకి నాలుగు పలకలు ఇస్తాననె. మా మేకల కొట్టానికి తలుపు లేదు గద."

ఆ మాట అర్థం కావడానికి నాకు కొంత సేపు పట్టింది. తరువాత ముందుగా వచ్చింది కోపమే.

"పెట్టె విప్పుతుంటే నాకి ఒక మాట సెప్పకూడదా అక్కా? నెల దినాలుగా పొద్దున్నే ఫోను జేస్తివి గద, ఈ పొద్దు జేయకూడదా?"

"ఏమని జేసేది?" అంది అక్క. "నడవకపోతే గదా పాపా ఫోను జేసేది."

తొమ్మిదిన్నర బస్సుకు వెళ్ళి, నాకూ ఒక పలక కావాలని పట్టుబట్టి తెచ్చుకున్నాను. వర్క్‌షాపులో రెండో యంత్రం కంప్యూటర్లు ఇప్పుడు దాని మీదే ఉన్నాయి. కుడిదాన్ని నా కుర్చీ వైపుకు మార్చి పెట్టుకున్నాను.